చెప్పని మాట, చెప్పిన మాట: బీబీసీ ‘న్యూస్‌నైట్’ కథ



కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మన పెద్దవాళ్ళు అంటారు. టెలివిజన్‌లో ప్రత్యక్ష ప్రసారం అంటే రోజూ ఆ సామెత అంచు మీద నడవడమే. పత్రికలో తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తారు. ముందుగా రికార్డు చేసుకున్న కార్యక్రమంలో తప్పు దొర్లితే ఆ ముక్క కత్తిరించి పారేస్తారు. ప్రత్యక్ష ప్రసారంలో ఆ వెసులుబాటు లేదు. మాట నోట్లోంచి వచ్చిన క్షణమే లక్షల ఇళ్ళలోకి వెళ్ళిపోతుంది. అలాంటి వార్తా కార్యక్రమం ఒకటి లండన్‌లో నలభై ఏళ్ళకు పైగా నడుస్తోంది. దాని పేరు ‘న్యూస్‌నైట్’. నడుపుతున్నది బీబీసీ. ఆ కార్యక్రమం పుట్టుక, దాని మీద వచ్చిన వివాదాలు ఇవాళ చెప్పుకుందాం.

బీబీసీ అన్న పేరు మనకు కొత్త కాదు. రేడియో ముల్లు మెల్లగా తిప్పుతూ, గరగరల మధ్య షార్ట్‌వేవ్‌లో లండన్ వార్తలు పట్టుకున్న తరం ఇంకా మన మధ్యనే ఉంది. తెలుగులో బీబీసీ సేవ 2017 అక్టోబరులో గానీ మొదలు కాలేదు. అయినా ఇంగ్లీషు, హిందీ వార్తల ద్వారా ఆ సంస్థ మనవాళ్ళకు ఏనాటి నుంచో తెలుసు. కాకపోతే మనం విన్నది దాని రేడియో. ఇవాళ చెప్పుకునేది అక్కడి జనం రాత్రి భోజనాలయ్యాక చూసే టెలివిజన్ కార్యక్రమం.

ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. బ్రిటన్‌లో బీబీసీ నడిచేది ముఖ్యంగా లైసెన్సు రుసుము మీద. మన దగ్గర కూడా ఒకప్పుడు రేడియో లైసెన్సు పుస్తకం పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళి డబ్బు కట్టేవాళ్ళం గదా, అలాంటిదే. అక్కడ టెలివిజన్‌కు అది ఇప్పటికీ ఉంది. ఇంటింటా వసూలైన డబ్బుతో నడుస్తుంది కాబట్టి బీబీసీలో తప్పు జరిగితే ప్రతి ఇంటివాడికీ అడిగే హక్కు ఉంటుంది. పార్లమెంటులో సభ్యులూ అడుగుతారు. ప్రైవేటు ఛానెల్ తప్పుకు పడే చప్పుడు కంటే బీబీసీ తప్పుకు పడే చప్పుడు అందుకే పెద్దది.

న్యూస్‌నైట్ మొదటి ప్రసారం 1980 జనవరిలో, బీబీసీ రెండో ఛానెల్‌లో జరిగింది. నిజానికి కొన్ని నెలల ముందే మొదలుకావలసింది. సిబ్బంది సంఘంతో వచ్చిన పేచీ వల్ల ఆలస్యమైంది. ఆ పేచీ వెనక బీబీసీలోని ఒక పాత అలవాటు ఉంది. అప్పటి దాకా అక్కడ వార్తల విభాగం వేరు, వర్తమాన వ్యవహారాల విభాగం వేరు. ఒకటి టెలివిజన్ సెంటర్‌లో, ఇంకొకటి లైమ్ గ్రోవ్ అనే పాత స్టూడియోల్లో. రెండూ పశ్చిమ లండన్‌లోనే, నడిచి వెళ్ళేంత దూరంలోనే. కానీ ఒకరంటే ఒకరికి పడేది కాదు. ఏం జరిగిందో చెప్పడం వార్తలవారి పని, ఎందుకు జరిగిందో చెప్పడం రెండోవారి పని. ఉమ్మడి కుటుంబంలో పొయ్యిలు వేరైన తోడికోడళ్ళలా ఉండేవారు. ఆ రెండు పొయ్యిలూ కలిపి ఒకే వంట వండుదామన్నది న్యూస్‌నైట్ ఆలోచన. ఆనాటి వార్త, దాని వెనక కథ, దానికి బాధ్యులైన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నించడం, మూడూ ఒకే చోట.

మొదటి వ్యాఖ్యాతల్లో ఇద్దరి పేర్లకు మనతో సంబంధం ఉంది. ఒకరు చార్ల్స్ వీలర్. 1950ల చివర ఢిల్లీలో బీబీసీ విలేకరిగా పనిచేసిన మనిషి. రెండోవారు జాన్ టూసా. తర్వాత 1986 నుంచి 1992 దాకా బీబీసీ ప్రపంచ సేవకు అధిపతి అయ్యారు. అంటే మన పెద్దలు షార్ట్‌వేవ్‌లో విన్న రేడియోను ఆ రోజుల్లో నడిపింది ఆయనే.

మొదటి పెద్ద వివాదం 1982లో వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 2న దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని ఫాక్లండ్ దీవులను అర్జెంటీనా సైన్యం ఆక్రమించింది. బ్రిటన్ యుద్ధనౌకలను పంపింది. యుద్ధం ఎనిమిది వేల మైళ్ళ దూరంలో. అక్కడి నుంచి వార్తలు బ్రిటిష్ రక్షణశాఖ చేతుల మీదుగా రావాలి, లేదా అర్జెంటీనా ప్రకటనల నుంచి రావాలి. న్యూస్‌నైట్ వ్యాఖ్యాత పీటర్ స్నో రెండు పక్షాల లెక్కలనూ పక్కపక్కన పెట్టి, బ్రిటిష్‌వారు అబద్ధమాడుతున్నట్టో నష్టాలు దాస్తున్నట్టో రుజువయ్యే దాకా వారి మాటకే ఎక్కువ విలువ ఇవ్వవలసి ఉంటుందని అన్నారు. మనకు ఇందులో తప్పేమీ కనిపించదు. పైగా అది బ్రిటన్‌ను సమర్థించినట్టే ఉంది. కానీ ఒక కన్సర్వేటివ్ సభ్యుడు అది దాదాపు దేశద్రోహంతో సమానమని మండిపడ్డారు. ఆయన బాధ ఒక్క పదం గురించి. ‘మనవాళ్ళు’ అనకుండా ‘బ్రిటిష్‌వారు’ అంటారా అని. ప్రధాని మార్గరెట్ థాచర్ కూడా మనల్నీ శత్రువునూ ఒకే త్రాసులో తూస్తున్నారన్న అర్థం వచ్చేట్టు పార్లమెంటులో అసంతృప్తి తెలిపారు. దానికి బీబీసీ ఉన్నతాధికారి రిచర్డ్ ఫ్రాన్సిస్ ఇచ్చిన జవాబు ఇంకా మంట పెంచింది. పోర్ట్స్‌మత్‌లో భర్తను పోగొట్టుకున్న స్త్రీకీ, బ్యూనస్ ఏర్స్‌లో భర్తను పోగొట్టుకున్న స్త్రీకీ తేడా ఏమీ లేదని ఆయన అన్నారు.

సరిహద్దు జిల్లాల్లో ఉన్నవారికి ఈ తగువు విడమర్చి చెప్పనక్కరలేదు. తుంగభద్ర నీళ్ళ గురించి ఒక భాష వార్తల్లో ‘మన వాటా’ అంటారు, రెండో భాష వార్తల్లోనూ ‘మన వాటా’ అనే అంటారు. రెండూ వినే బళ్ళారి శ్రోత ఏ ‘మన’లో తాను ఉన్నాడో చూసుకోవాలి. పీటర్ స్నో చేసిందల్లా ఆ పదాన్ని వార్తలోంచి తీసేయడం. ఆయన ఉద్యోగం పోలేదు, కార్యక్రమం ఆగలేదు. తర్వాత 1991 గల్ఫ్ యుద్ధమప్పుడు స్టూడియోలోనే ఇసుక పోయించి, బొమ్మ ట్యాంకులు అమర్చి, ఎవరు ఎటు కదిలారో పిల్లలకు చెప్పినట్టు చెప్పింది కూడా ఈయనే.

ఇక న్యూస్‌నైట్ పేరు చెప్పగానే బ్రిటన్‌లో ఎవరికైనా గుర్తొచ్చే మనిషి జెరమీ పాక్స్‌మన్. 1989లో వచ్చి 2014 దాకా ఉన్నారు. కనుబొమ్మ ఒకటి పైకెత్తి, ఎదుటి మంత్రి చెప్పేది ఒక్క ముక్క నమ్మనట్టు చూడడం ఆయన పద్ధతి. 2005లో కార్యక్రమం చివర వాతావరణ సూచన చదవమని ఎడిటర్ పురమాయిస్తే, అంత వెటకారంగా వానల గురించి ఇంకెవరూ చదివి ఉండరు. ఆ శీర్షిక ఎక్కువ రోజులు నిలవలేదు. అయితే ఆయన పేరు నిలబడింది 1997 మే 13 రాత్రి వల్ల.

దాని పూర్వరంగం కొంచెం చెప్పాలి. 1995 జనవరిలో పార్క్‌హర్స్ట్ అనే జైలు నుంచి ముగ్గురు ఖైదీలు పారిపోయారు. అప్పటి హోంమంత్రి మైకేల్ హవర్డ్. జైళ్ళ శాఖ అధిపతి డెరెక్ లూయిస్. ఆ జైలు గవర్నరును వెంటనే సస్పెండ్ చేయాలని మంత్రి ఒత్తిడి చేశారని, చేయకపోతే అధిపతిని పక్కన పెట్టి తానే ఉత్తర్వు ఇస్తానని బెదిరించారని ఆరోపణ. జైలు పరిపాలన అధిపతిది, విధానం మాత్రమే తనదని మంత్రి పార్లమెంటుకు చెబుతూ వచ్చారు గనుక, బెదిరించి ఉంటే పార్లమెంటుకు అసత్యం చెప్పినట్టు అవుతుంది. 1997 మే 1న ఆయన పార్టీ ఎన్నికల్లో ఓడిపోయింది. ఆయన పార్టీ నాయకత్వానికి పోటీలో దిగారు. అప్పుడు న్యూస్‌నైట్‌కు వచ్చారు.

పాక్స్‌మన్ అడిగిన ప్రశ్న చిన్నది. మీరు ఆయన్ను తోసిపుచ్చుతానని బెదిరించారా, లేదా? హవర్డ్ జవాబు చెప్పలేదు. తనకు ఏ అధికారం ఉంది, ఏది లేదు, న్యాయసలహా ఏం తీసుకున్నాను అని చెప్పుకుంటూ పోయారు. పాక్స్‌మన్ అదే ప్రశ్న మళ్ళీ అడిగారు. మళ్ళీ. మళ్ళీ. మొత్తం పన్నెండు సార్లు. చూస్తున్నవాళ్ళకు మొదట విసుగు, తర్వాత నవ్వు, చివరికి ఒకలాంటి భయం కలిగి ఉండాలి. జవాబు రాకపోవడమే జవాబుగా జనం తీసుకున్నారు. నాయకత్వ పోటీ మొదటి రౌండులో ఐదుగురిలో హవర్డ్‌కు వచ్చిన ఓట్లు 23. అదే చివరి స్థానం. ఓటమికి ఆ ఇంటర్వ్యూ ఒక్కటే కారణం కాదు, సొంత సహచరురాలు యాన్ విడికోంబ్ కూడా ఆయనకు వ్యతిరేకంగా మాట్లాడారు. కానీ జనానికి గుర్తుండిపోయింది పన్నెండు సార్లు అడిగిన ప్రశ్నే.

ఇందులో తమాషా ఏమిటంటే, అన్నిసార్లు అడగాలని పాక్స్‌మన్ ముందుగా అనుకోలేదట. ఆయనే కొన్నేళ్ళ తర్వాత చెప్పారు. ప్రత్యక్ష ప్రసారంలో వ్యాఖ్యాత చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ ఉంటుంది. అద్దం అవతల కంట్రోల్ రూములో కూర్చున్నవారు ఇంకెంత సమయముంది, తర్వాత ఏ అంశం వస్తుంది అని దాంట్లో చెబుతుంటారు. ఆ రాత్రి తర్వాతి అంశం టేపు ఇంకా సిద్ధం కాలేదని, ఈ సంభాషణే సాగదీయమని కబురొచ్చిందట. అడగడానికి వేరే ప్రశ్న తోచక అదే అడుగుతూ పోయానని ఆయన మాట. రేడియోలో పనిచేసిన ఎవరికైనా ఇది విని నవ్వొస్తుంది. తర్వాతి రికార్డు దొరక్క వ్యాఖ్యాత మాటలు పొడిగించిన సందర్భాలు ఏ స్టేషన్‌లో లేవు? ఏడేళ్ళ తర్వాత, హవర్డ్ పార్టీ నాయకుడయ్యాక, పాక్స్‌మన్ ఆ ప్రశ్న మరోసారి వేశారు. ఈసారి హవర్డ్ నవ్వి, బెదిరించలేదని చెప్పారు. ఆ ముక్క 1997లోనే అని ఉంటే సరిపోయేది.

కాబట్టి న్యూస్‌నైట్ అంటే, దొరికిన జవాబుతో తృప్తి పడని కార్యక్రమమని పేరు. ఇది గుర్తు పెట్టుకోండి. తర్వాతి కథ అంతా, ఇతరులను పన్నెండు సార్లు అడిగినవారు తమను తాము ఒక్కసారి అడగకపోవడం గురించే.

2003లో ఇరాక్ యుద్ధం తర్వాత దీనికొక ముందస్తు సూచన కనిపించింది. ఆ ఏడాది మే 29 ఉదయం ఆరు గంటల ఏడు నిమిషాలకు బీబీసీ రేడియోలో యాండ్రూ గిలిగన్ అనే విలేకరి ప్రత్యక్షంగా, కాగితం మీద రాసుకోకుండా మాట్లాడుతూ, ఇరాక్ ఆయుధాల గురించిన ఒక వాదన తప్పని ప్రభుత్వానికి బహుశా ముందే తెలుసునని అన్నారు. ఆయనకు సమాచారమిచ్చిన శాస్త్రవేత్త డేవిడ్ కెల్లీ. న్యూస్‌నైట్‌లో పనిచేసే సూసన్ వాట్స్ కూడా కెల్లీతో విడిగా మాట్లాడారు. ఆమె అంత దూరం వెళ్ళలేదు. ఆయన తనతో ఏమన్నారో అంతే చెప్పారు. పైగా ఫోను సంభాషణ రికార్డు చేసుకున్నారు. జూలైలో కెల్లీ మరణించారు. న్యాయమూర్తి హటన్ విచారణలో ఆ టేపు వినిపించారు. గిలిగన్ మాటకు తన వార్తలు సాక్ష్యంగా నిలబడేట్టు చేయాలని బీబీసీ నుంచి తన మీద ఒత్తిడి వచ్చిందని ఆమె అక్కడే చెప్పారు. 2004 జనవరిలో నివేదిక వచ్చాక బీబీసీ ఛైర్మన్, డైరెక్టర్ జనరల్ ఇద్దరూ పదవులు వదిలారు. ఒక తెల్లవారుజామున రాసుకోకుండా అన్న వాక్యం అంత దూరం తీసుకెళ్ళింది. ఆ సమయంలో న్యూస్‌నైట్ ఎడిటర్ జార్జ్ ఎంట్‌విసిల్. ఈ పేరు మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు అసలు గాయం దగ్గరికి వద్దాం. జిమ్మీ సావిల్ బ్రిటన్‌లో ఇంటింటికీ తెలిసిన మనిషి. 1964 నుంచి పాటల కార్యక్రమాలు, తర్వాత పిల్లల కోరికలు తీర్చే కార్యక్రమం. ఆసుపత్రులకు విరాళాలు పోగుచేసేవాడు, సర్ బిరుదు కూడా వచ్చింది. 2011 అక్టోబరు 29న 84 ఏళ్ళ వయసులో చనిపోయాడు. బీబీసీ నివాళి కార్యక్రమాలకు సిద్ధమైంది. అదే సమయంలో అదే బీబీసీలో న్యూస్‌నైట్ నిర్మాత మెరియన్ జోన్స్, రిపోర్టర్ లిజ్ మెకీన్ వేరే పని మీద ఉన్నారు. సరీ ప్రాంతంలో బాలికల కోసం నడిచిన డంక్రాఫ్ట్ అనే పాఠశాలకు జోన్స్ మేనత్తో పినతల్లో వరసైన బంధువు ప్రధానోపాధ్యాయిని. సావిల్ అక్కడికి రావడం జోన్స్ చిన్నప్పుడు చూశాడు. ఆ పాఠశాలలో చదివిన స్త్రీలను వీరు వెతికి పట్టుకున్నారు. బాలికలుగా ఉన్నప్పుడు సావిల్ తమ మీద లైంగిక అకృత్యాలు చేశాడని వారు చెప్పారు. ఒకామె కెమెరా ముందు కూర్చుని చెప్పింది.

మొదట ఎడిటర్ పీటర్ రిప్పన్ ఉత్సాహంగానే ఉన్నారు. తర్వాత మనసు మారింది. పోలీసులు కొన్నేళ్ళ క్రితం విచారించి వదిలేశారు గదా, ఎందుకు వదిలేశారు అన్నదే ముఖ్యమన్నారు. చాలినన్ని ఆధారాలు లేవన్న కారణంతోనే కేసు ఆగిందని ప్రాసిక్యూషన్ నుంచి జవాబు రాగానే, డిసెంబరులో కథను పక్కన పెట్టేశారు. ఆ స్త్రీలు చెప్పింది నిజమా కాదా అన్న ప్రశ్న అక్కడే ఆగిపోయింది. క్రిస్మస్‌కు నివాళులు యథావిధిగా ప్రసారమయ్యాయి.

ఇందులో ఒక చిన్న దృశ్యం ఉంది. డిసెంబరు మొదట్లో ఒక బహుమతుల విందులో బీబీసీ వార్తల అధిపతి హెలెన్ బోడెన్, టెలివిజన్ విభాగాధిపతి జార్జ్ ఎంట్‌విసిల్‌తో ఒక మాటన్నారు. న్యూస్‌నైట్ సావిల్ మీద ఏదో పరిశోధన చేస్తోంది, అది నిలబడితే మీ క్రిస్మస్ కార్యక్రమాలు మార్చుకోవలసి రావచ్చు అని. ఎంట్‌విసిల్ సరేనన్నారు. ఏం పరిశోధన అని అడగలేదు. న్యూస్‌నైట్ మాజీ ఎడిటర్ ఆయన. వార్తల విషయంలో వేలు పెట్టినట్టు అవుతుందని అడగలేదని తర్వాత సంజాయిషీ ఇచ్చారు. మర్యాదే కావచ్చు. పన్నెండు సార్లు అడిగే కార్యక్రమాన్ని నడిపిన మనిషి ఒక్కసారి అడగలేదు.

2012 అక్టోబరు 3న పోటీ ఛానెల్ ఐటీవీ ఆ కథను ప్రసారం చేసింది. కట్ట తెగింది. పోలీసు విచారణలో దాదాపు 450 మంది ముందుకు వచ్చారు. 1955 నుంచి 2009 దాకా సాగిన 214 నేరాలు నమోదయ్యాయి. బీబీసీతో సంబంధమున్న సందర్భాల్లోనే సావిల్ బాధితులు 72 మంది అని 2016లో న్యాయమూర్తి జానెట్ స్మిత్ నివేదిక తేల్చింది. కథ ఎందుకు ఆపారో రిప్పన్ ఇచ్చిన వివరణలో తప్పులున్నాయని బీబీసీయే ఒప్పుకుంది. ఆయన పక్కకు తప్పుకున్నారు. అక్టోబరు 22న బీబీసీలోనే ఇంకో కార్యక్రమం ‘పనోరమా’ న్యూస్‌నైట్ మీద గంటసేపు విచారణ చూపింది. ఒక ఇంటి అన్న తమ్ముడి తప్పును వీధిలో నిలబెట్టి చెప్పినట్టు. నన్నడిగితే అది బీబీసీకి తలవంపు కాదు, కొంత మర్యాదే. డిసెంబరులో వచ్చిన పొలార్డ్ నివేదిక, కథ ఆపిన తీరు లోపభూయిష్టమని, అయితే నివాళి కార్యక్రమాలను కాపాడడానికి ఆపారన్నది నిజం కాదని చెప్పింది. లిజ్ మెకీన్ 2013లో బీబీసీ వదిలి వెళ్ళారు.

పాలతో నోరు కాలినవాడు మజ్జిగ కూడా ఊది తాగుతాడంటారు. న్యూస్‌నైట్ విషయంలో అది తారుమారైంది. చెప్పక నోరు కాల్చుకున్నవారు, ఈసారి ఊదకుండానే మింగేశారు.

2012 నవంబరు 2. అంటే పనోరమా ప్రసారమై పదకొండు రోజులే అయింది. ఉత్తర వేల్స్‌లో ఒకప్పుడు నడిచిన బాలుర ఆశ్రమంలో పెరిగిన ఒక వ్యక్తి న్యూస్‌నైట్‌లో కనిపించి, థాచర్ కాలం నాటి ఒక ప్రముఖ కన్సర్వేటివ్ నాయకుడు తన మీద అత్యాచారం చేశాడని చెప్పాడు. కార్యక్రమం పేరు చెప్పలేదు. కానీ ఆ ఉదయమే, ఈ కథలో పాలుపంచుకున్న ఒక పరిశోధక సంస్థ సంపాదకుడు, రాత్రికి ఒక చాలా పెద్ద రాజకీయ నాయకుడి బండారం బయటపడుతుందని ట్విట్టర్‌లో రాసేశాడు. ఇక చూడండి. మన పల్లెల్లో ‘పేరు నేను చెప్పను, రావిచెట్టు పక్క మేడ’ అన్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం. పేరు చెప్పనందుకు చెప్పినవాడికి నిశ్చింత, విన్నవాళ్ళకు పేరు దొరికింది. సాయంత్రానికే లార్డ్ మెకాల్పైన్ పేరు వేలమంది నోళ్ళలో, ఫోన్లలో నలుగుతోంది. 1975 నుంచి 1990 దాకా ఆ పార్టీ కోశాధికారి ఆయన.

ఆయన ఆ పని చేయలేదు. నవంబరు 9న గార్డియన్ పత్రిక మనిషిని మనిషి అనుకున్నారని రాసింది. మెకాల్పైన్ ఖండన ప్రకటించారు. ఆరోపించిన వ్యక్తికి అప్పుడు ఆయన ఫొటో చూపించగా, ఇతను కాదని, పొరపాటు పడ్డానని క్షమాపణ చెప్పాడు. ఫొటో చూపించడమనే పని ప్రసారానికి ముందే చేయవలసింది. ఏ పోలీసు ఠాణాలో హెడ్ కానిస్టేబులైనా చేసే పని. మెకాల్పైన్‌కు ఫోను చేసి మీరేమంటారని అడగనూ లేదు. బీబీసీ స్కాట్లండ్ అధిపతి జరిపిన అంతర్గత విచారణలో ఈ రెండూ బయటపడ్డాయి.

ఇలా ఎందుకు జరిగిందో చెప్పాలి. న్యూస్‌నైట్ ఎడిటర్ పక్కకు తప్పుకున్నారు. వార్తల అధిపతినీ, ఆమె కింది అధికారినీ సావిల్ వ్యవహారంతో ముడిపడిన పనుల నుంచి దూరంగా పెట్టారు. ఒక రకం వార్తలకు ఒక అధికారి, ఇంకో రకానికి ఇంకొకరు. ఆశ్రమం కథ ఏ రకమో, ఎవరు సంతకం పెట్టాలో సరిగా తేలలేదు. ఇల్లు కాలి కొత్త తాళాలు వేసే తొందరలో ఏ తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియనట్టయింది.

ఆ 9వ తేదీ రాత్రి న్యూస్‌నైట్ తన తప్పును తానే మొదటి వార్తగా చెప్పుకుని క్షమాపణ కోరింది. వ్యాఖ్యాత ఎడ్డీ మేర్ చివర, న్యూస్‌నైట్ మళ్ళీ సోమవారం వస్తుందని చెప్పి, చిన్న విరామం ఇచ్చి, ‘బహుశా’ అన్నారు.

మర్నాడు ఉదయం ఎంట్‌విసిల్ రేడియోకు వచ్చారు. అప్పటికి ఆయన బీబీసీ డైరెక్టర్ జనరల్. తన సంస్థకే చెందిన జాన్ హంఫ్రీస్ ప్రశ్నలు వేశారు. ఆ కార్యక్రమం ప్రసారమైనప్పుడు చూశారా? లేదు. ముందు రోజు పత్రికలో వచ్చింది చదివారా? లేదు. ట్విట్టర్ సంగతి తెలుసా? తర్వాతే తెలిసింది. మీరేమీ అడగరా అన్నట్టుగా సాగింది ఆ సంభాషణ. ఆ రాత్రే ఆయన రాజీనామా చేశారు. పదవిలో ఉన్నది 54 రోజులు. ఒక ఏడాది జీతం, 450,000 పౌండ్లు ఇచ్చి పంపడం మీద మళ్ళీ ఒక గొడవ.

మెకాల్పైన్‌కు బీబీసీ 185,000 పౌండ్లు, ఖర్చులు చెల్లించింది. తన పేరు ట్విట్టర్‌లో రాసినవారి మీదా ఆయన చర్యకు దిగారు. అయితే తమను అనుసరించేవారు 500 మంది కంటే తక్కువగా ఉన్న చిన్నవారిని వదిలేసి, బీబీసీ నడిపే పిల్లల సహాయనిధికి తలా 25 పౌండ్లు ఇమ్మన్నారు. నిందపడ్డ మనిషి చూపిన ఈ నిగ్రహం గురించి అక్కడి పత్రికలు ఇంకొంచెం ఎక్కువ రాసి ఉండవలసింది. 2014 జనవరిలో ఆయన మరణించారు.

తర్వాతి కాలాన్ని త్వరగా చెప్పేస్తాను. 2019 నవంబరు 16న ఎమిలీ మైట్లిస్ చేసిన ఆండ్రూ రాకుమారుడి ఇంటర్వ్యూ ప్రపంచమంతా మోగింది. నాలుగు రోజులకే ఆయన రాచకార్యాల నుంచి తప్పుకోవలసి వచ్చింది. న్యూస్‌నైట్ చరిత్రలో ఎక్కువ పేరు తెచ్చిన ఆ ఇంటర్వ్యూ ప్రత్యక్ష ప్రసారం కాదు, రెండు రోజుల ముందు రాజప్రాసాదంలో రికార్డు చేసినది. 2020 మేలో అదే మైట్లిస్, కోవిడ్ నిబంధనలు దాటారని విమర్శకు గురైన ప్రధాని సలహాదారు గురించి కార్యక్రమం మొదట్లో చెప్పిన మాటలు తటస్థంగా లేవని బీబీసీయే మర్నాడు ప్రకటించింది. 2024 మే నుంచి కార్యక్రమాన్ని అరగంటకు కుదించారు. సొంత రిపోర్టర్ల బృందాన్ని, పరిశోధక చిత్రాలను తీసేసి, ముఖాముఖి చర్చలకే పరిమితం చేశారు. ఉద్యోగాలు సగానికి పైగా పోయాయి. ఖర్చు తగ్గించడానికని చెప్పారు. డంక్రాఫ్ట్ స్త్రీలను వెతికి పట్టుకున్నలాంటి పని ఇక ఆ బల్ల దగ్గర జరగదు.

చివరిగా ఒక సంగతి. 2025 నవంబరులో బీబీసీ డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీ రాజీనామా ప్రకటించారు. 2012లో ఎంట్‌విసిల్ వెళ్ళినప్పుడు తాత్కాలికంగా ఆ కుర్చీలో కూర్చున్నది ఈయనే. డొనాల్డ్ ట్రంప్ 2021 జనవరి 6న చేసిన ప్రసంగంలో దూరదూరంగా ఉన్న రెండు ముక్కలను కలిపి ఒకే మాటలా పనోరమా చూపించిందన్నది అభియోగం. ఆ గొడవలోనే ఇంకోటి బయటపడింది. 2022 జూన్‌లో న్యూస్‌నైట్ కూడా అదే ప్రసంగాన్ని అలాగే అతికించి చూపింది. ఆ రాత్రి స్టూడియోతో మాట్లాడుతున్న అతిథి మిక్ మల్వేనీ, ఒకప్పుడు ట్రంప్ దగ్గర పనిచేసిన మనిషి, మీరు చూపించింది అతికించిన ముక్కలని, రెండో మాట ప్రసంగంలో చాలా తర్వాత వస్తుందని అప్పటికప్పుడే ప్రసారంలో చెప్పారు. వ్యాఖ్యాత తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయారు. ఆ మాట అలా మూడేళ్ళకు పైగా రికార్డులోనే ఉండిపోయింది.